బాటిల్ మీద హెచ్చరిక ఉంది, మన భాషలో లేదు: ఎనర్జీ డ్రింకులు, మన యువకుల గుండె

హైదరాబాద్ టోలీచౌకిలో చూసినా, కర్నూలు పాతబస్తీలో చూసినా, నిజామాబాద్ బస్టాండ్ దగ్గర చూసినా ఒకటే దృశ్యం. కిరాణా దుకాణం ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఎనర్జీ డ్రింకులదే. పక్కనే పాల ప్యాకెట్లు, మజ్జిగ, నీళ్ల బాటిళ్లు. 250 మిల్లీలీటర్ల స్టింగ్ బాటిల్ 20 రూపాయలకే దొరుకుతోంది. ట్యూషన్‌కు వెళ్లే పదో తరగతి కుర్రాడి దగ్గర్నుంచి అర్ధరాత్రి దాటేదాకా డెలివరీ బండి నడిపే యువకుడి దాకా అందరి చేతుల్లో అదే.

అమ్మకు, అబ్బాకు అది ఒక రంగు సోడా. పిల్లాడికి అది 'శక్తి'. దుకాణదారుడికి రోజూ తిరిగే సరుకు. ఈ ముగ్గురిలో ఎవరూ బాటిల్ వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవరు. అక్కడ రాసింది చదివితే, ఇది పాల పక్కన పెట్టి అమ్మాల్సిన వస్తువేనా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

గల్ఫ్‌లో ఒక లెక్క, ఇక్కడ ఒక లెక్క

మన ఇళ్లలో చాలామందికి సౌదీలోనో దుబాయ్‌లోనో ఒక అన్నో, మామయ్యో ఉంటారు. అక్కడ ఈ డ్రింకుల సంగతి వాళ్లను అడిగి చూడండి.

సౌదీ అరేబియా 2014లోనే ఎనర్జీ డ్రింకుల ప్రకటనలను నిషేధించింది. ఉచితంగా పంచడం, ఆటల పోటీలకు స్పాన్సర్ చేయడం ఆపించింది. ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, స్పోర్ట్స్ క్లబ్బుల్లో అమ్మకం బంద్ చేసింది. 2017 జూన్‌లో వీటిపై 100 శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, మామూలు కూల్‌డ్రింకులపై వేసింది 50 శాతమే. 100 శాతం పన్ను పడింది రెండింటిపై: సిగరెట్లు తదితర పొగాకు ఉత్పత్తులు, ఎనర్జీ డ్రింకులు. అదే ఏడాది అక్టోబర్‌లో యూఏఈ కూడా అదే దారి పట్టింది.

మన దేశంలో కెఫీన్ డ్రింకులపై ఇంతకుముందు 28 శాతం జీఎస్టీ, 12 శాతం సెస్ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ కలిపి 40 శాతం ఒకే రేటు చేశారు. 'పన్ను 40కి పెరిగింది' అని వార్తలు వచ్చాయి గానీ, మొత్తం భారం ముందు ఎంతో ఇప్పుడూ అంతే. 20 రూపాయల బాటిల్‌లో పన్ను సుమారు 5 రూపాయల 70 పైసలు. గల్ఫ్‌లోలాగా 100 శాతం వేస్తే అదే బాటిల్ 28 రూపాయల 60 పైసల దాకా వస్తుంది. అప్పటికీ కొనేవాళ్లు కొంటారు. కాబట్టి పన్ను ఒక్కటే మందు కాదు. కానీ అక్కడి ప్రభుత్వాలు దీన్ని సిగరెట్ వరసలో నిలబెట్టాయి. మన దగ్గర ఇది బిస్కెట్ వరసలో ఉంది. తేడా అక్కడుంది.

యూరప్‌లో లిథువేనియా 2014లో, లాత్వియా 2016లో, పోలండ్ 2024 జనవరి 1 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మడం నిషేధించాయి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్ల లోపు వారికి అమ్మకుండా చట్టం తేవాలని 2025 సెప్టెంబర్‌లో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. మన దేశంలో మాత్రం దేశమంతటికీ వర్తించే వయోపరిమితి లేదు. ఏడేళ్ల పిల్లాడు 20 రూపాయల నోటు ఇచ్చినా దుకాణదారుడు బాటిల్ ఇచ్చేయవచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

పనిచేసే కొద్దీ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. 'అలసిపోయావు, పడుకో' అని చెప్పే సంకేతం అది. కెఫీన్ వెళ్లి ఆ సంకేతం చేరాల్సిన తలుపు దగ్గర అడ్డంగా నిలబడుతుంది. అలసట అలాగే ఉంటుంది, మనకు తెలియదు. అంటే ఈ డ్రింక్ కొత్తగా ఇచ్చే బలం పెద్దగా ఏమీ లేదు. చక్కెర ఇచ్చే కాసేపటి కేలరీలు, అలసటను దాచే కెఫీన్, అంతే.

దాంతోపాటు ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. రక్తపోటు ఎక్కుతుంది. కొందరికి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకు ఇంకా సగం మిగిలే ఉంటుంది.

'మరి చాయ్, కాఫీలోనూ కెఫీన్ ఉంది కదా' అంటారు. నిజమే. కానీ వేడి చాయ్ మెల్లగా ఊదుకుంటూ తాగుతాం. ఇది చల్లగా, తియ్యగా, గటగటా ఒక్క నిమిషంలో దిగిపోతుంది. పైగా ఇందులో టారిన్, బి విటమిన్లు, కొన్నింటిలో జిన్‌సెంగ్ లాంటివి కలుస్తాయి. అన్నీ కలిసినప్పుడు గుండె మీద పడే ప్రభావం ఒక్క కెఫీన్ ప్రభావంలాగే ఉంటుందా అన్నదే పరిశోధకుల ప్రశ్న.

పరిశోధనల్లో తేలింది ఏమిటి?

అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 2015లో 25 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు ఒక రోజు 480 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింక్ ఇచ్చారు, మరో రోజు రుచికి అలాగే ఉండే ఉత్తుత్తి డ్రింక్ ఇచ్చారు. అసలుది తాగినప్పుడు పై రక్తపోటు 6.2 శాతం పెరిగింది, ఉత్తుత్తిది తాగినప్పుడు 3.1 శాతం. నోర్‌ఎపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోన్ అసలు డ్రింక్‌తో సుమారు 74 శాతం, ఉత్తుత్తి డ్రింక్‌తో 31 శాతం పెరిగింది.

2017లో మరో బృందం 18 మందికి ఒకసారి సుమారు 950 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింక్, ఇంకోసారి అంతే కెఫీన్, అంటే 320 మిల్లీగ్రాములు ఉన్న వేరే డ్రింక్ ఇచ్చి ఈసీజీ తీసింది. ఈసీజీలో 'క్యూటీ' అనే కొలత ఉంటుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకోవడానికి విద్యుత్‌పరంగా సిద్ధమవ్వడానికి పట్టే సమయం అని సులువుగా అర్థం చేసుకోవచ్చు. అది మరీ పొడవైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎనర్జీ డ్రింక్ తాగిన రెండు గంటలకు ఆ కొలత, వట్టి కెఫీన్ తాగినప్పటి కంటే 10 మిల్లీసెకన్లు ఎక్కువగా ఉంది. 2019లో 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసున్న 34 మందితో చేసిన అధ్యయనంలోనూ నాలుగు గంటల తర్వాత ఆ కొలత ఉత్తుత్తి డ్రింక్ కంటే 6 నుంచి 7.7 మిల్లీసెకన్లు ఎక్కువగా తేలింది. రక్తపోటు కూడా పెరిగింది.

2024లో మేయో క్లినిక్ ఇంకో లెక్క బయటపెట్టింది. హఠాత్తుగా గుండె ఆగి, చికిత్సతో బతికి బయటపడిన 144 మంది రికార్డులు చూశారు. అందులో ఏడుగురు ఆ ఘటనకు కాస్త ముందు ఎనర్జీ డ్రింక్ తాగినవారు. అంటే సుమారు 5 శాతం. వీళ్లలో చాలామందికి పుట్టుకతో వచ్చే గుండె లయ సమస్యలు ఉన్నాయి. నిద్రలేమి, నీళ్లు తాగకపోవడం, ఉపవాసం లాంటివి కూడా తోడై ఉండవచ్చని ఆ డాక్టర్లే చెప్పారు.

భయపెట్టే వీడియోలు నమ్మకండి, నిర్లక్ష్యం కూడా చేయకండి

వాట్సాప్‌లో 'ఒక్క బాటిల్ తాగి చనిపోయాడు' అనే వీడియోలు తిరుగుతుంటాయి. పై పరిశోధనలు అలా చెప్పడం లేదు. అవి చిన్న సంఖ్యలో మనుషులపై, ఎక్కువ మోతాదుతో, కొన్ని గంటల పాటు చేసినవి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాడు ఎప్పుడో ఒక బాటిల్ తాగితే గుండె ఆగిపోతుందని ఎవరూ నిరూపించలేదు.

యువకుల ఆకస్మిక మరణాలకు కారణాలు కూడా ఒకటి కాదు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. కుటుంబంలో ఇంతకుముందు ఆకస్మిక మరణాలు, గతంలో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, మరణానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం, మత్తుమందులు, మితిమీరిన శారీరక శ్రమ వీటికి ఆ మరణాలతో సంబంధం కనిపించింది. టీకాతో ప్రమాదం పెరిగినట్టు తేలలేదు.

కానీ మన ప్రాంతం వాళ్లకు ఒక అదనపు బాధ ఉంది. ఇంటర్‌హార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వారికి మొదటి హార్ట్ ఎటాక్ మిగతా దేశాల వారి కంటే సుమారు ఆరేళ్లు ముందే వస్తోంది. పైగా పుట్టుకతో గుండె లయ సమస్య ఉన్నవారిలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మన ఇళ్లలో పాతికేళ్ల కుర్రాడికి ఈసీజీ ఎవరు తీయిస్తారు? 'చిన్న వయసే కదా, ఏం కాదు' అన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది.

మోతాదు లెక్క మీరే వేయండి

మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కెఫీన్ డ్రింక్‌లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల బాటిల్‌లో గరిష్ఠంగా 75 మిల్లీగ్రాములు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పింది. ఒక కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని కూడా అదే సంస్థ తెలిపింది. ఇప్పుడు ఒక డెలివరీ బాయ్ రోజు తీసుకుందాం. నాలుగు చాయ్‌లు, రెండు బాటిళ్లు. చాయ్‌లకు 120 నుంచి 260, బాటిళ్లకు 150. మొత్తం 270 నుంచి 410. మనోడు హద్దు మీద నిలబడి ఉన్నాడు, లేదా దాటేశాడు.

పిల్లల సంగతి ఇంకా గట్టిది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, పిల్లలకు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. 45 కిలోల కుర్రాడికి 135 మిల్లీగ్రాములు. రెండు బాటిళ్లు తాగితే 150. ఇంట్లో తాగిన చాయ్ లెక్కలోకి రాకముందే హద్దు దాటింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అయితే 2011లోనే పిల్లలకు, టీనేజర్లకు ఎనర్జీ డ్రింకులు అసలు వద్దని చెప్పింది.

చక్కెర సంగతి వేరే. 250 మిల్లీలీటర్ల మామూలు రెడ్‌బుల్ టిన్‌లో సుమారు 27 గ్రాములు ఉంటుంది. ఆరు చెంచాల పైమాటే. షుగర్, బీపీ ఇంటింటా ఉన్న మన కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు.

హెచ్చరిక ఎవరి కోసం రాశారు?

ఈ డ్రింకుల మీద కొన్ని మాటలు తప్పకుండా ముద్రించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. కెఫీన్ ఎక్కువగా ఉందని, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివారికి సిఫారసు చేయబడదని, రోజుకు 500 మిల్లీలీటర్లు మించొద్దని. చట్టం తన పని చేసినట్టే కనిపిస్తుంది.

కానీ లేబుల్ ఇంగ్లిష్‌లోనో, దేవనాగరి హిందీలోనో ఉంటే చాలని నిబంధన. తెలుగు, ఉర్దూ తప్పనిసరి కాదు. తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అదే హోదా ఇస్తూ చట్టం చేశారు. సర్కారు ఆఫీసు బోర్డు మీద ఉర్దూ ఉంటుంది, పిల్లాడు తాగే బాటిల్ మీద హెచ్చరిక మాత్రం ఉండదు. తెలుగు మాత్రమే చదివే తల్లికి, ఉర్దూ మాత్రమే చదివే దాదీకి ఆ చిన్న అక్షరాలు ఉన్నా లేనట్టే. 'ఎనర్జీ' అన్న పెద్ద అక్షరాలు మాత్రం చదువు రానివాళ్లకూ బొమ్మలా గుర్తుండిపోతాయి.

పేరుకు ఎంత బలం ఉంటుందో ప్రభుత్వానికీ తెలుసు. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఆదేశమిచ్చింది, పాల, చిరుధాన్యాల, మాల్ట్ పానీయాలను 'హెల్త్ డ్రింక్', 'ఎనర్జీ డ్రింక్' విభాగాల్లో పెట్టి అమ్మొద్దని. 2025 అక్టోబర్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని డ్రింకుల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అన్న మాట వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ సుమారు ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. మన నగరంలోని ఒక్క డాక్టర్ పట్టుబడితే దేశమంతటా లేబుళ్లు మారాయి. ఎనర్జీ డ్రింకుల విషయంలో మాత్రం అలాంటి పట్టుదల ఇంకా కనిపించడం లేదు.

హలాలా, కాదా? మధ్యలో గుండె మాట మరిచాం

మన ముహల్లాల్లో ఈ డ్రింకుల గురించి చర్చ వస్తే ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంది: 'ఎద్దు నుంచి తీసింది కలుపుతారట, నిజమేనా?' టారిన్‌ను 1827లో మొదట ఎద్దు పైత్యరసం నుంచి వేరు చేశారు. ఆ పేరు లాటిన్‌లో ఎద్దు అన్న మాట నుంచే వచ్చింది. వదంతి పుట్టింది ఇక్కడి నుంచే. ఇప్పుడు డ్రింకుల్లో వాడే టారిన్ ఫ్యాక్టరీలో రసాయనికంగా తయారయ్యేది. మతపరమైన తీర్పు ఆలిమ్‌లను అడగాల్సిన విషయం. కానీ హలాల్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అది గుండెకు మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. రెండు ప్రశ్నలూ వేరు.

రంజాన్‌లో ఈ విషయం ఇంకా ముఖ్యం. రోజంతా నీరసం రాదనుకుని సహరీలో ఎనర్జీ డ్రింక్ తాగే కుర్రాళ్లు ఉన్నారు. కెఫీన్ ప్రభావం గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, దాచిపెట్టిన అలసట, దాహం మధ్యాహ్నం ఒక్కసారిగా మీద పడతాయి. ఖాళీ కడుపుతో ఇఫ్తార్‌లో గటగటా తాగి తరావీహ్ తర్వాత జిమ్‌కో, రాత్రి క్రికెట్‌కో వెళ్లడం మరీ ప్రమాదం. నిద్రలేమి, నీళ్ల కొరత, కెఫీన్, తీవ్ర శ్రమ అన్నీ ఒకే రాత్రి కలుస్తున్నాయి. సహరీలో నీళ్లు, పెరుగు, గుడ్డు, అరటిపండు. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు. మన పెద్దల పద్ధతే మేలు.

ఇంట్లో ఏం చేయాలి?

- 18 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఈ డ్రింకులు పూర్తిగా వద్దు. ఇంట్లో శుభకార్యం అయినా, పార్టీ అయినా పిల్లల టేబుల్ మీద పెట్టకండి.
- పెద్దవాళ్లు తాగినా రోజుకు ఒకటి మించొద్దు. ఆ రోజు చాయ్ తగ్గించండి. వ్యాయామానికి ముందు, ఖాళీ కడుపుతో, నిద్ర లేని రాత్రి తర్వాత అసలే వద్దు.
- బీపీ, గుండె జబ్బు, గుండె దడ, మూర్ఛ ఉన్నవాళ్లు, ఆస్తమా మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.
- ఆడుతూనో, పరుగెత్తుతూనో ఎప్పుడైనా స్పృహ తప్పి ఉంటే, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, తప్పకుండా ఈసీజీ తీయించండి.
- ఛాతీలో నొప్పి, ఆగని దడ, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే 'గ్యాస్ అయి ఉంటుంది' అని సోడా పట్టొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. మనిషి పలకకుండా, శ్వాస లేకుండా ఉంటే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి.

పిల్లాడిని తిట్టి బాటిల్ లాక్కుంటే బయట తాగుతాడు. ఎందుకు తాగుతున్నావని అడగండి. నిద్ర సరిపోక తాగుతుంటే నిద్ర చూడాలి. రెండు షిఫ్టులు చేయలేక తాగుతుంటే ఆ ఇంటి ఖర్చుల లెక్క చూడాలి.

ఏం అడగాలి?

ఎక్కువ కొవ్వు, ఉప్పు, చక్కెర ఉన్న పదార్థాలను బడి క్యాంటీన్‌లో, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లోనే ఉంది. అది అమలవుతోందా? మీ పిల్లల బడి గేటు దగ్గర నిలబడి చూస్తే జవాబు దొరుకుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట ఎత్తండి. హెడ్‌మాస్టర్‌కు, మున్సిపల్ ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగాల్సినవి మూడు. 18 ఏళ్ల లోపు వారికి అమ్మకుండా నిబంధన తేవాలి. దుకాణాల్లో పాలు, నీళ్ల పక్కన కాకుండా వేరుగా పెట్టించాలి. ఆ ఫ్రిజ్ మీద తెలుగులో, ఉర్దూలో 'పిల్లలకు అమ్మబడదు' అని పెద్ద అక్షరాల్లో రాయించాలి.

మూడోదానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మన వీధుల్లో చాలా దుకాణాలు మన వాళ్లవే. ఒక తెల్ల కాగితం, ఒక మార్కర్ ఉంటే సరిపోతుంది. బాటిల్ మీద ఇంగ్లిష్‌లో ఉన్న మాటే రెండు భాషల్లో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించండి. మస్జిద్ కమిటీలు, మొహల్లా యువకులు తలుచుకుంటే ఈ శుక్రవారం నుంచే మొదలుపెట్టొచ్చు.